మేర: పొలిమేర నుంచి కల్లం దాకా – జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నేపథ్యంలో ఒక పదచరిత్ర

వ్యాససంగ్రహం

ఎంత దూరం, ఎంత వరకు, ఎంత పరిమాణం అన్న ప్రశ్నలకు సమాధానంగా తెలుగువారు నిత్యం వాడే మాట 'మేర'. ఈ మాటే ఊరి ఎల్లను, నడవడిలోని కట్టుబాటును, కల్లంలో వృత్తులవారికి కొలిచి ఇచ్చే ధాన్యాన్ని కూడా తెలియజేస్తుంది. తెలంగాణలో ఇదే ధ్వనితో ఒక కులనామం కూడా ఉంది. ఈ అర్థాల మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించి, భూమి కొలతల్లోకి 'హద్దు' అన్న మాట ప్రవేశించాక 'మేర'కు కలిగిన మార్పును ఉమ్మడి వరంగల్ ప్రాంతంలోని మూడు జిల్లాల చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మేర, పొలిమేర, హద్దు, ఆయం, వెట్టి, బొడ్రాయి, అటవీ హక్కులు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న తెలంగాణ రాష్ట్రంలో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఆనాడే ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరు పడింది. పాలంపేట రామప్ప గుడి ఈ మూడేళ్ళలోపే మూడు జిల్లాల పేర్లు చూసింది. గుడి ఉన్నచోటనే ఉంది. దాని చుట్టూ ఉన్న ఊళ్ళ పొలిమేరలు కూడా ఉన్నచోటనే ఉన్నాయి. మారినది పాలనా పరిధి.

ప్రభుత్వ ఉత్తర్వుల భాషలో విస్తీర్ణాన్ని చెప్పడానికి 'పరిధి', 'సరిహద్దు', 'విస్తీర్ణం' అన్న మాటలు ఉన్నాయి. ఊరివారి భాషలో ఆ పనిని చాలా కాలం 'మేర' చేసింది. నేడు ఈ మాట ఎక్కువగా 'కొంత మేర', 'చాలా మేర', 'కనుచూపు మేర' వంటి పదబంధాల్లో మిగిలింది. 'ఆదేశాల మేరకు', 'ఒప్పందం మేరకు' అని పత్రికల్లోనూ, కార్యాలయాల్లోనూ వినిపిస్తుంది. ఈ రెండు రకాల వాడుకలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. దూరాన్ని చెప్పే మాట 'అనుసరించి' అన్న అర్థాన్ని ఎట్లా పొందింది? ఈ ప్రశ్నకు సమాధానం నిఘంటువుల్లో కొంత, పల్లెల ఆర్థిక చరిత్రలో మరికొంత దొరుకుతుంది.

2. పదం పుట్టుక, అర్థ విస్తరణ

సంస్కృతంలో 'మర్యాద' అన్న పదానికి మొదటి అర్థం సీమ, గట్టు, అంచు. దాటరాని గీత అన్న భావం నుంచే సత్ప్రవర్తన అన్న అర్థం వచ్చింది. ప్రాకృతంలో 'మేరా' అన్న రూపం ఇవే అర్థాల్లో కనిపిస్తుంది. తెలుగు 'మేర' ఆ దారిలో వచ్చిన తద్భవం. అంటే తెలుగులో ఒకే మూలం రెండు మాటలుగా స్థిరపడింది. తత్సమమైన 'మర్యాద' మనుషుల నడవడికి ఎక్కువగా పరిమితం కాగా, తద్భవమైన 'మేర' నేలకూ, కొలతకూ దగ్గరైంది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. 'మేర మీరడం' అన్నప్పుడు ఎవరూ పొలం గట్టు దాటడాన్ని ఊహించరు. అనరాని మాట అనడాన్నీ, చేయరాని పని చేయడాన్నీ ఊహిస్తారు.

ఈ అర్థ విస్తరణ తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. కన్నడంలో 'మేరె' ఎల్లను చెబుతుంది. 'ఆదేశద మేరెగె' అంటే ఆదేశాన్ని అనుసరించి అని. తెలుగు 'ఆదేశాల మేరకు', కన్నడ 'మేరెగె' ఒకే తీరున ఏర్పడ్డాయి. గీసిన గీతకు లోబడి నడుచుకోవడం నుంచి 'ప్రకారం' అన్న అర్థం రావడం సహజమే.

మూడవ అర్థం వాటా. హెచ్.హెచ్. విల్సన్ 1855లో ప్రచురించిన న్యాయ, రెవెన్యూ పదకోశంలో తెలుగు 'మేర'కూ, తమిళ 'మేరై'కీ గ్రామోద్యోగులకు, వృత్తులవారికి పంటలో ఇచ్చే ధాన్యభాగం అన్న అర్థాన్ని నమోదు చేశాడు. కంపెనీ పాలననాటి మద్రాసు రెవెన్యూ పత్రాల్లో రుసుములు, మేరలు అన్న మాటలు జంటగా కనిపిస్తాయి. ఎల్లను చెప్పే మాట వాటాను చెప్పడం మొదట వింతగా తోచవచ్చు. అయితే రాశిలో 'ఇక్కడి వరకు నీది' అని వేరు చేసిన ధాన్యం కూడా ఒక ఎల్లకు లోబడినదే. పొలంలో గట్టు చేసే పనిని కల్లంలో కుంచం చేస్తుంది.

3. పొలిమేర: ఊరి అంచు

'పొలిమేర'ను పొలము, మేర అన్న రెండు మాటల కలయికగా చెప్పడం పరిపాటి. పాత రూపం 'పొలమేర'. కాకతీయుల కాలపు దానశాసనాల్లో ఊరి ఎల్లలను వివరించే పద్ధతి ఈ పదాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. దానమిచ్చిన భూమికి దిక్కుల వారీగా గుర్తులు చెబుతారు. ఆ గుర్తులు చెట్టు, పుట్ట, గుండు, వాగు, చెరువు కట్ట, పక్క ఊరికి పోయే దారి. విస్తీర్ణాన్ని పుట్టి, తూము వంటి ధాన్యపు కొలతల పేర్లతోనే చెప్పడం కూడా ఆనాటి పద్ధతి. భూమి ఎంతో చెప్పడానికి గింజ ఎంతో చెప్పడం సరిపోయేది.

ఈ ప్రాంతంలో పొలిమేరను చెరువు నుంచి విడదీసి చూడలేము. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని (పాలన 1199–1262) సోదరి మైలాంబ వేయించినది. కాకతీయుల తొలి వంశక్రమాన్ని తెలుసుకోవడానికి చరిత్రకారులకు అది ముఖ్య ఆధారమైంది. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో గణపేశ్వరాలయం, గణపసముద్రం ఆ కాలపువే. చెరువుకు రెండు అంచులు ఉంటాయి. కట్టకు దిగువన నీరు పారే భూమి ఆయకట్టు. ఎగువన నీరు నిలిచే భూమి శిఖం. ఆయకట్టు అంచు నీటి పంపకాన్ని బట్టి, శిఖం అంచు వానను బట్టి మారుతుంటాయి. ఒక ఏడు మునిగిన నేల మరో ఏడు పైరు పండుతుంది. పటం మీద గీసిన ఒక్క గీతతో ఇటువంటి అంచును పట్టుకోవడం కష్టం. దానిని ఏటేటా చూసి చెప్పగలిగినవాడు నీరడి. ఏ మడికి ఎప్పుడు నీరు విడవాలో, ఎంత మేర పారుతుందో ఆయనకు తెలుసు. ఆయకట్టు రైతులు పంటలో ఇచ్చే ధాన్యం ఆయన జీవనం.

పొలిమేర గురించిన జ్ఞానం ఎవరి దగ్గర ఉండేదన్నది చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. 1812లో బ్రిటిష్ పార్లమెంటుకు సమర్పించిన అయిదవ నివేదిక దక్షిణాది గ్రామాల ఉద్యోగులను వరుసగా పేర్కొంటూ, ఎల్లలను కాపాడి, తగాదా వచ్చినప్పుడు వాటి గురించి సాక్ష్యం చెప్పే మనిషిని ఒక ప్రత్యేక ఉద్యోగిగా చూపింది. తలారి, తోటి పనులతో పాటు ఈ బాధ్యత కూడా తెలుగు పల్లెల్లో ఎక్కువగా దళిత కుటుంబాల వంతు అయ్యేది. ఊరికి వెలుపల నివసించవలసి వచ్చినవారే ఊరి అంచుకు సాక్షులయ్యారు. ఊరు తన లోపల చోటివ్వని మనిషి మాట మీదనే తన పొలిమేరను నిలబెట్టుకుంది. మేర గురించి మాట్లాడేటప్పుడు ఈ వైరుధ్యాన్ని మరువరాదు.

పొలిమేరకు ఆచారపరమైన రూపం కూడా ఉంది. తెలంగాణ పల్లెల్లో ఊరి నడిబొడ్డున బొడ్రాయి ఉంటుంది. బొడ్రాయి ప్రతిష్ఠ లేదా పునఃప్రతిష్ఠ సమయంలో ఇతర ఊళ్ళకు ఇచ్చిన ఆడబిడ్డలను పిలుచుకుంటారు. క్రతువు ముగిసేదాకా పొలిమేర దాటి ఎవరూ పోరాదని, బయటివారు రారాదని కట్టడి చేస్తారు. ఊరమ్మల కొలుపుల్లో బలి ఇచ్చిన జీవం నెత్తుటితో కలిపిన అన్నాన్ని పొలిమేర వెంట చల్లడాన్ని 'పొలి చల్లడం' అంటారు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో దక్షిణాది గ్రామదేవతలపై రాసిన హెన్రీ వైట్‌హెడ్ తెలుగు ఊళ్ళలో ఈ ఆచారాన్ని వివరించాడు. 'పొలి' అన్న మాటకు బలి అన్న అర్థంతో పాటు వృద్ధి అన్న అర్థం కూడా ఉంది. కల్లంలో రాశి దగ్గర పంట పెరగాలని కోరుతూ పలికే మాట కూడా అదే. ఈ విధంగా 'పొలి', 'మేర' రెండూ ఊరి అంచులోనూ, కల్లంలోనూ వినిపిస్తాయి. పొలిమేరను పొలి చల్లే మేరగా జనం అర్థం చేసుకోవడం వ్యుత్పత్తి దృష్ట్యా నిలవకపోయినా, ఆచారం దృష్ట్యా నిరాధారం కాదు. ఊరి ఎల్ల రాతి మీదనే కాక, ఊరంతా కలిసి నడిచిన నడక మీద కూడా నిలిచేది.

4. కల్లం మీది మేర

పంట కోసి, కుప్ప వేసి, బంతి కట్టి తొక్కించి, తూర్పార పట్టిన తరువాత రాశిని కొలుస్తారు. మొదటి కొలతను 'ఒకటి' అనక 'లాభం' అని లెక్క మొదలుపెట్టడం తెలుగు రైతుల ఆనవాయితీ. రాశి ఇంటికి చేరకముందే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, నీరడి మొదలైనవారి వాటాలు పక్కకు తీస్తారు. ఏడాది పొడుగునా నాగలి కర్రు చెక్కినందుకు, కుండలు ఇచ్చినందుకు, బట్టలు ఉతికినందుకు, మోటకు తోలు కుట్టినందుకు ఇది ప్రతిఫలం. తెలుగు ప్రాంతాల చరిత్రలో వీరిని ఆయగాండ్లని వ్యవహరించారు. మరాఠీ ప్రభావం ఉన్న చోట్ల బలుతదార్లన్న పేరు వాడారు. 'ఆయం' వాటాను చెబుతుంది. 'ఆయకట్టు' నీరందే భూమి మొత్తాన్ని చెబుతుంది. విస్తీర్ణానికీ వాటాకూ మధ్య 'మేర'లో కనిపించిన సంబంధమే ఇక్కడ కూడా కనిపిస్తుంది.

కల్లం మీది మేరకు మూడు లక్షణాలు ఉన్నాయి. మొదటిది, అది కూలి కాదు. పనిని ఒక్కొక్కటిగా లెక్కించి ఇచ్చేది కాదు. రెండవది, అది దానం కాదు. పంట వచ్చిన రైతు ఇవ్వక తప్పదు. మూడవది, అది పంటతో పాటు పెరిగి పంటతో పాటు తరుగుతుంది. కరువు వచ్చిన ఏడు రైతుతో పాటు వృత్తిదారుడు కూడా నష్టపోతాడు. ఈ మూడింటిని బట్టి మేరను హక్కుగా గుర్తించవచ్చు.

అయితే ఈ హక్కు సమానుల మధ్య కుదిరిన ఒప్పందం కాదు. ఎవరి వాటా ఎంతో కులం నిర్ణయించేది. వృత్తిని వదిలిపోయే స్వేచ్ఛ పరిమితం. రాశికి దగ్గరగా నిలబడేవారు కొందరు, దూరంగా నిలబడి ఒడి పట్టేవారు కొందరు. కళ్ళం ఊడ్చిన అడుగు గింజలే వంతయిన కుటుంబాలు కూడా ఉన్నాయి. కనుక మేర వ్యవస్థను గ్రామ స్వయంసమృద్ధికి ఉదాహరణగా మాత్రమే చూపడం అసమగ్రం. దానిని పీడనగా మాత్రమే చూడటం వల్ల మరొక విషయం మరుగున పడుతుంది. వాటా ఆగినప్పుడు 'మా మేర మాకు రాలేదు' అని పదిమందిలో అనగలిగే మాట ఆ వ్యవస్థలో ఉంది. ఆ మాటకు ఊరు జవాబు చెప్పవలసి వచ్చేది.

మద్రాసు రాష్ట్రంలో 1864 నాటి గ్రామ సెస్సు చట్టం గ్రామోద్యోగులకు ధాన్యరూపంలో ముట్టే మేరల స్థానంలో నగదు సెస్సును తెచ్చింది. చేతివృత్తులవారి మేరలు ఆ చట్టం పరిధిలోకి రాలేదు. ప్రభుత్వానికి పనికివచ్చే సేవకు జీతం ఏర్పడింది. రైతుకు పనికివచ్చే సేవ ఆచారం మీదనే మిగిలింది. హైదరాబాద్ సంస్థానంలో కూడా కొద్ది తేడాతో ఇదే జరిగిందని ముందు విభాగాల్లో చూడవచ్చు.

5. 'మేర' కులనామం

తెలంగాణలో బట్టలు కుట్టే వృత్తిగల కులాన్ని 'మేర' అంటారు. వ్యవహారంలో 'మేరోళ్ళు' అన్న రూపం వినిపిస్తుంది. రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలోని 'డి' విభాగంలో ఈ కులం 'చిప్పోలు (మేర)' అన్న పేరుతో నమోదైంది. కులనామానికీ, కొలతను చెప్పే 'మేర'కూ రూపసామ్యం ఉంది. ధ్వని ఒకటైనంత మాత్రాన వ్యుత్పత్తి ఒకటని నిర్ణయించడం భాషాశాస్త్ర పద్ధతి కాదు. కనుక ఈ రెండింటినీ వేర్వేరు ఆరోపాలుగా ఉంచడమే సమంజసం. అయితే వినేవారి మనసులో ఈ రెండు అర్థాలు ఒకదానినొకటి తాకుతూనే ఉంటాయి. దర్జీ పని మొదట కొలత పని. నిలువెంత, చుట్టుకొలత ఎంత, చేతి పొడవెంత అని చూడటంతోనే ఆ పని ఆరంభమవుతుంది. కొలత చెప్పలేనివారు పాత రవికనో, అంగీనో ఇచ్చి పోతారు. దానిని 'ఆది' అంటారు. ఆది ఉన్నచోట కొలత గురించి తగాదా రాదు, ఎందుకంటే కుట్టేవారు, కుట్టించుకునేవారు ఇద్దరూ ఒప్పుకున్న ప్రమాణం అది.

వృత్తి చరిత్రలో మేర కులస్థుల అనుభవం మిగిలిన ఆయగాండ్ల అనుభవానికి భిన్నంగా సాగింది. కుట్టుమిషను రాకతో పని ఇంటి అరుగు మీది నుంచి అంగడి వీధిలోని దుకాణానికి చేరింది. జనగామ, మహబూబాబాద్ వంటి రైలు స్టేషన్లున్న పట్టణాలు ఇందుకు అనుకూలించాయి. ధాన్యపు వాటా స్థానంలో జతకు ఇంత అన్న నగదు వచ్చింది. తయారు దుస్తులు వచ్చాక ఆ నగదు కూడా తగ్గింది. కులవృత్తికి ఊరు కట్టుబడి ఉన్న కాలంలో పని లేకపోవడం అన్న ప్రశ్న అరుదు. అంగడిలో ఆ కట్టుబాటు ఎవరి మీదా లేదు. జాబితాలోని పేరు ఇప్పుడు చదువులో, ఉద్యోగంలో వాటా కోరడానికి ఆధారం. కల్లంలో కోరిన వాటా రిజర్వేషన్ పత్రంలో కోరవలసి రావడం ఈ కులాలన్నింటి ఆధునిక చరిత్ర.

6. 'హద్దు' రాక

నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్న కాలం (1853–1883) పాలనా సంస్కరణల కాలం. 1865లో జిల్లాబందీ అమలైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో భూముల సర్వే, సెటిల్‌మెంటు సాగాయి. 1880ల్లో పాలనా భాష పారశీకం నుంచి ఉర్దూకు మారింది. ఈ క్రమంలోనే జిల్లా, తాలూకా, ఇలాకా, పహాణీ వంటి మాటలు తెలంగాణ రైతు నోటికి అలవాటయ్యాయి. 'హద్దు' వాటిలో ఒకటి. అరబీ 'హద్' నుంచి వచ్చిన ఈ మాటకు అంచు, పరిమితి అన్న అర్థాలు ఉన్నాయి. పారశీక 'సర్హద్' తెలుగులో 'సరిహద్దు' అయి, మొదటి భాగంలో తెలుగు 'సరి' వినిపించేంతగా కలిసిపోయింది.

మేర, హద్దు నిఘంటువులో పర్యాయపదాలు. చరిత్రలో వాటి నడక వేరు. హద్దును సర్వే రాయి నిలబెడుతుంది, దఫ్తరు కాపాడుతుంది. ఎవరి పేరు దఫ్తరులో ఎక్కిందో వారిదే భూమి. మేరను నిలబెట్టేవారు ఇరుపక్కలవారు, కాపాడేది వారి జ్ఞాపకం. లిఖిత రికార్డు రావడం వల్ల రైతుకు మేలే జరగవలసింది. గుర్తుల మీద ఆధారపడిన ఎల్ల బలవంతుడి చేతిలో జరుగుతుంది; కొలిచి రాసిన ఎల్ల జరగదు. కానీ రాసే కలం ఎవరి చేతిలో ఉన్నదన్న దానిపై ఆ మేలు ఆధారపడింది.

అప్పటివరకు శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు ఆ అధికారం పోయినందుకు ప్రభుత్వం నుంచి ఏటా రుసుం పొందారు. సర్వే సమయంలో తమ పలుకుబడితో మంచి భూములను తమ పేర రాయించుకున్నారు. తరతరాలుగా దున్నుకుంటున్న రైతులు చాలా చోట్ల రికార్డులో కౌలుదార్లుగానో, ఏ పేరూ లేనివారుగానో మిగిలారు. ఇక్కడ రెండు వాటాల గతిని పోల్చి చూడాలి. దేశ్‌ముఖు వాటా అయిన రుసుంకు ప్రభుత్వ హామీ లభించింది. కమ్మరి, కుమ్మరి, చాకలి వాటా అయిన మేరకు ఏ హామీ లేదు. పైగా దొరల ఊళ్ళలో సేవ మిగిలి వాటా పోయింది. వాటా లేని ఆ సేవకే వెట్టి అని పేరు.

7. మేర తప్పిన చోట: విసునూరు, పాలకుర్తి, కడవెండి

నేటి జనగామ జిల్లాలోని విసునూరు, పాలకుర్తి, కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోవి. విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డి ఆధీనంలో 40,000 ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశాడు. అంత భూమిని ఒక మనిషి హద్దుగా రికార్డు గుర్తించింది. ఆ భూమి మీద పని చేసినవారి మేరను గుర్తించే చోటు ఏదీ మిగలలేదు.

పాలకుర్తికి చెందిన చిట్యాల ఐలమ్మ చాకలి కులస్థురాలు. సంప్రదాయం ప్రకారం ఆమె కుటుంబానికి కల్లంలో ముట్టవలసినది ఉతికినందుకు వచ్చే వాటా. ఆమె కౌలుకు భూమి తీసుకొని సొంతంగా సేద్యం చేసింది. ఆయగాండ్ల వరుసలో నిలబడవలసిన మనిషి రాశికి యజమానురాలైంది. 1940ల మధ్యకాలంలో దేశ్‌ముఖు ఆ పంటను స్వాధీనం చేసుకోవడానికి మనుషులను పంపినప్పుడు ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డు నిలిచి, పంట కోసి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఈ ఘటనను భూమి తగాదాగా, రాజకీయ చైతన్యంగా చరిత్రకారులు వివరించారు. మేర అన్న పదం వెలుగులో చూస్తే మరో కోణం తెలుస్తుంది. తగాదా పొలంలో మొదలై కల్లం వైపు నడిచింది. ధాన్యం ఎవరి ఇంటికి చేరుతుందన్నదే దానికి తీర్పు అయింది. ఏ పక్షపు హక్కు ఎంతవరకన్న ప్రశ్నకు పదిమంది కలిసి కల్లంలోనే సమాధానం చెప్పారు.

1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య మరణించాడు. ఆ తరువాత ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. వెట్టి ఆగింది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్ల రద్దు, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాయి. రక్షిత కౌలుదారు అన్న వర్గాన్ని ఆ చట్టం గుర్తించింది. 1954–55 నాటి ఖాస్రా పహాణీ భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నదో నమోదు చేసింది. నేటికీ తెలంగాణలో భూమి తగాదాల్లో ఈ పత్రాన్ని చూపుతారు. పోరాటం వల్ల దున్నేవాని పేరుకు దఫ్తరులో చోటు దొరికింది. ఆయగాండ్ల వాటాకు మాత్రం ఆ దఫ్తరులో గడి లేదు. వెట్టి పోవడంతో పాటు మేర కూడా క్రమంగా పోయింది. అవమానం పోయినందుకు ఎవరూ చింతించలేదు. కానీ ఊరి పంట మీద తమకు వాటా ఉన్నదని చెప్పే ఆధారం కూడా దానితోనే జారిపోయిందన్న సంగతి వృత్తులు దెబ్బతిన్న తరువాతనే తెలిసింది.

8. అడవి అంచు

మైదాన ప్రాంతంలో ముగిసినట్లు కనిపించే ఈ చర్చ అటవీ ప్రాంతంలో ఇంకా సాగుతోంది. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం మండలాల్లో, భూపాలపల్లి జిల్లాలోని మహాముత్తారం, పలిమెల మండలాల్లో అడవి అంచున ఆదివాసీ గూడేలు ఉన్నాయి. అక్కడ రెండు గీతలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఒకటి అటవీశాఖ గీసిన రిజర్వు అడవి హద్దు. రెండవది తాము పోడు చేసిన చోటు, పశువులు మేసిన చోటు, ఇప్పపువ్వు ఏరిన చోటు, దేవత గద్దె, పూర్వికుల సమాధులు ఉన్న చోటు వరకు గూడెం తనదిగా భావించే మేర.

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం ఈ విషయంలో ఒక మలుపు. సముదాయ అటవీ వనరును నిర్వచిస్తూ, గ్రామపు సంప్రదాయ లేదా ఆచార ఎల్లల లోపలి అడవిని ఆ చట్టం పరిగణనలోకి తీసుకుంది. నిబంధనల ప్రకారం హక్కుకు సాక్ష్యంగా ప్రభుత్వ పత్రాలతో పాటు పెద్దల వాంగ్మూలాన్ని, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పాత కట్టడాల ఆనవాళ్ళను కూడా చూపవచ్చు. రెండు గ్రామాల సంప్రదాయ ఎల్లల మీద పరస్పర విరుద్ధమైన దావాలు వచ్చినప్పుడు ఆ రెండు గ్రామాల అటవీ హక్కుల కమిటీలు కలిసి కూర్చొని పరిశీలించాలని నిబంధనలు చెబుతున్నాయి.

ఈ చివరి అంశం గమనించదగినది. దానశాసనంలోని చెట్టు, పుట్ట, గుండు, 1812 నివేదికలోని ఎల్లల సాక్షి రెండూ 21వ శతాబ్ది చట్టంలో మళ్ళీ కనిపిస్తున్నాయి. ఇరుపక్షాలూ కూర్చొని ఒప్పుకున్న గీతకు చట్టం విలువనిచ్చింది. అయితే ఆచరణలో దావా రుజువయ్యేది మళ్ళీ పత్రం ద్వారానే. పెద్దల జ్ఞాపకాన్ని రాయించుకోవడం ఆలస్యమైతే సాక్ష్యం వారితోనే పోతుంది. మేరను సూచించే స్థానిక పదాలను, గుర్తులను, గట్ల పేర్లను సేకరించడం ఈ గూడేలలో భాషాపరిశోధన మాత్రమే కాక, హక్కుల సాక్ష్య సేకరణ కూడా అవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. 'మేర'కు గల ఎల్ల, నడవడి, వాటా అన్న అర్థాలు ఒకే మూలభావం నుంచి విస్తరించాయి. ఇరుపక్షాలూ అంగీకరించి కట్టుబడే పరిమితి ఆ మూలభావం. 'ఒప్పందం మేరకు' అన్న నేటి వాడుకలో అది ఇంకా మిగిలి ఉంది.

2. కులనామమైన 'మేర'ను వ్యుత్పత్తి దృష్ట్యా దీనితో కలపరాదు. అయితే గ్రామ వాటాల వ్యవస్థ నుంచి అంగడికి, అక్కడి నుంచి ప్రభుత్వ జాబితాకు మారిన వృత్తి కులాల చరిత్రకు ఆ కులం అనుభవం ముఖ్యమైన ఉదాహరణ.

3. నిజాం కాలపు సర్వేతో బలపడిన 'హద్దు' భూమి మీది హక్కును లిఖితం చేసింది. పంట మీది వాటాను లిఖితం చేయలేదు. రుసుంకు దొరికిన హామీ మేరకు దొరకకపోవడం వెట్టి పెరగడానికి తోడ్పడింది.

4. గ్రామపు మేర సమానుల ఒప్పందం కాదు. ఎల్లకు సాక్షి అయినవాడు ఎల్లకు వెలుపల ఉండటం ఆ వ్యవస్థలోని లోపానికి నిదర్శనం. మేరను పునరుద్ధరించాలన్న ఆలోచనకు ఇక్కడ తావు లేదు. మేరలో ఉన్న వాటా హక్కును గుర్తించడం మాత్రం అవసరం.

5. అటవీ హక్కుల చట్టం సంప్రదాయ ఎల్లలకు సాక్ష్యవిలువ ఇచ్చినందువల్ల, పొలిమేరకు సంబంధించిన మౌఖిక జ్ఞానాన్ని సేకరించడం మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.

నేడు ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకంలో తన భూమి ఇన్ని ఎకరాలు, ఇన్ని గుంటలని చదువుకుంటాడు. ఆ అంకె విస్తీర్ణాన్ని చెబుతుంది. పక్క పొలంవాడు గట్టు మీద నిలబడి 'అవును, ఇక్కడి వరకు నీదే' అన్నప్పుడు తెలిసేది మేర. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఈ ప్రాంతపు భూమి తగాదాలు ఎక్కువగా మొదటిది ఉండి రెండవది లేనిచోట, లేదా రెండవది ఉండి మొదటిది లేనిచోట పుట్టినవే.